జాబితాలో లేని మాట

హనుమకొండలో ట్యాక్సీ నడిపే ఎలిగేటి సుగుణ గొంతు జూన్ నెల రెండో మంగళవారం పొద్దున తొమ్మిది దాటి పది నిమిషాలకు ఆమె నోట్లోంచి కారులోకి మారిపోయింది. జిల్లాలో అది నలభై ఒకటో బదిలీ కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

జరిగింది కూడా మామూలుగానే జరిగింది. సుగుణ వారం కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక కారు తీసుకుంది. స్టీరింగ్ పక్కన పలకంత తెర ఉంది. ఫోన్‌ను దానికి కలిపితే వచ్చిన మెసేజీలను కారే చదివి వినిపిస్తుంది. జవాబు నోటితో చెబితే కారే పంపుతుంది. చేతులు స్టీరింగ్ మీది నుంచి తీయక్కర్లేదు. ఆ మంగళవారం చౌరస్తా స్టాండులో ప్యాసింజర్‌ను ఎక్కించుకుని ఆమె ఫోన్ కలిపింది. తెర మీద ప్రశ్నలు వచ్చాయి. కాంటాక్టులు చూడవచ్చా అని అడిగితే ‘అనుమతించు’ నొక్కింది. మెసేజీలు చదవవచ్చా అంటే నొక్కింది. మైకు వాడుకోవచ్చా అంటే నొక్కింది. వెనక సీట్లో నక్కలగుట్ట పోవాల్సిన మనిషి గడియారం చూసుకుంటున్నాడు. నాలుగో ప్రశ్న కూడా అలాంటిదే అనుకుని చదవకుండా నొక్కింది. నాలుగోది గొంతు గురించి.

“పోదామా సార్” అనడానికి ఆమె నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. నాలుగు స్పీకర్లలోంచి అచ్చం ఆమె గొంతే “సరే” అంది.

“సరే అయితే, పోనీయండి” అన్నాడు ప్యాసింజర్.

సుగుణ గొంతు స్టాండులో పేరున్న గొంతు. ఒకసారి చౌరస్తాలో అడ్డంగా ఆపిన బస్సును, కారు దిగకుండా, కేవలం మాటలతో అరవై గజాలు వెనక్కి నడిపించింది. పదహారేళ్లుగా పక్కనే ఆటో పెట్టుకునే ఓదేలు, మైకు పెట్టి పిలిచినా పలకని గిరాకీ సుగుణక్క పిలిస్తే వస్తుందని చెప్పేవాడు. ఆ గొంతు ఇప్పుడు తాళం తిప్పితే ఉంటుంది, తీస్తే ఉండదు. ఉన్నప్పుడు కూడా అది మూడు మాటలే పలుకుతుంది. “సరే”, “దారిలో ఉన్నాను”, “తర్వాత మాట్లాడతాను”. సుగుణ లోపల ఏమన్నా సరే, కారు ఆ మూడింట్లో దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ప్రశ్న అడిగితే “తర్వాత మాట్లాడతాను” అనేది. తిడితే “సరే” అనేది.

సర్వీస్ సెంటర్‌లో ఆమె తన కష్టాన్ని కాగితం మీద రాసి ఇచ్చింది. కౌంటర్‌లోని అమ్మాయి చదివి, కంప్యూటర్‌లో చూసింది.

“మీ కారు జాబితాలో ఉంది మేడం. మీ ఫోన్ లేదు. జాబితాలో ఉన్న ఫోన్ అయితే అన్ని మాటలు వస్తాయి. లేని ఫోన్లకు మూడు రెడీ జవాబులే.”

జాబితాలో ఉన్న ఫోన్ ఎక్కడ దొరుకుతుందని సుగుణ రాసింది.

“అవి ఇప్పుడు తయారు కావట్లేదు. కొత్త ఫోన్లు ఉన్నాయి. కానీ కొత్త ఫోన్లకు మీ కారు జాబితాలో లేదు.”

ఫోన్‌ను కారు నుంచి విడదీస్తే ఏమవుతుందని రాసింది.

“విడదీయొచ్చు మేడం. అప్పుడు ఆ మూడు మాటలు కూడా పోతాయి” అంది ఆ అమ్మాయి. తర్వాత ఒక ఫారం ఇచ్చి, సేవ ఎలా ఉందో ఐదు నక్షత్రాల్లో చెప్పమంది.

ఇలాంటి వ్యవహారాలు చూడడానికి సుబేదారిలో ఒక జిరాక్స్ షాపు పైన వాహన వాక్కు విభాగం ఉంది. దాని అధికారి పరాంకుశం శ్రీధరాచారి మెత్తగా మాట్లాడే మనిషి. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లు ఉన్నాయి. సుగుణ పేరు రిజిస్టర్‌లో రాసుకుని, ఆమె సందేహాలను ఓపికగా చదివాడు. ఫోన్‌లో వేలితో టైపు చేయబోతే ‘మీరు వాహనం నడుపుతున్నారు, టైపు చేయడం ప్రమాదకరం’ అని వస్తోందని ఆమె రాసింది. వంటింట్లో కూర్చుని సొరకాయ చెక్కు తీస్తున్నప్పుడు కూడా అదే వచ్చింది.

“అది సరిగానే వస్తోందమ్మా. గొంతు కారులో ఉన్న మనిషి ఎప్పుడూ డ్రైవింగ్‌లో ఉన్నట్టే లెక్క. మీ భద్రత కోసమే.”

చేత్తో రాసి ఇస్తే చెల్లుతుందా అని ఆమె అడిగింది.

“ఇంట్లో చెల్లుతుంది. ఆఫీసుల్లో చెల్లదు. మీకు నమోదైన గొంతు ఉంది కదా. రాత ఒకటి, మాట ఒకటి అయితే మాటనే ఖాయం చేస్తాం. ఇంకేమైనా సందేహాలున్నాయా?”

ఈ ప్రశ్నకు ఆమె జవాబు వినడానికి ఆయన కిందికి వచ్చి కారు పక్కన నిలబడ్డాడు, రూలు ప్రకారం. సుగుణ తాళం తిప్పి, కడుపులో ఉన్నదంతా అంది. కారు “సరే” అంది. ఆయన సంతృప్తి చెందినట్టు రాసుకుని పైకి వెళ్లిపోయాడు.

ఇంట్లో మొదటి రెండు రోజులు నోట్‌బుక్ పనిచేసింది. సుగుణ భర్త రాజలింగం మోటార్ల వైండింగ్ షాపులో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు. మొదటి రోజు ఆమె రాసిన పేజీన్నర మొత్తం చదివి, “అయ్యో” అన్నాడు. రెండో రోజు సగం చదివాడు. మూడో రోజు నుంచి కళ్లద్దాలు కనబడలేదు.

“అద్దాలు దొరికినంక సదువుత. ఆడ వెట్టు” అనేవాడు.

అద్దాలు టీవీ మీద ఉండేవి. సుగుణ వాటిని తెచ్చి నోట్‌బుక్ పక్కన పెట్టేది. మర్నాటికి అవి మళ్లీ టీవీ మీదికి పోయేవి.

ముఖ్యమైన విషయాలు కారు దగ్గర అడిగితే సులువుగా తేలిపోతాయని మెల్లగా అందరికీ తెలిసిపోయింది. రాజలింగం తమ్ముడు సాంబయ్య వచ్చి, మూడు రోజులకు కారు కావాలన్నాడు. బండి తన బతుకుతెరువని, పోయినసారి ఇస్తే బంపర్ ఊడగొట్టి తెచ్చాడని, ఈసారి ఇచ్చేది లేదని సుగుణ స్టీరింగ్ పట్టుకుని చెప్పింది. కారు “సరే” అంది. “వదినె మనసు బంగారం” అంటూ సాంబయ్య ఎక్కి కూర్చున్నాడు. ఆ మూడు రోజులూ సుగుణ హనుమకొండలోనూ, ఆమె గొంతు ములుగు అవతల ఎక్కడో అడవిలోనూ ఉన్నాయి. కాలనీ సంఘానికి ఆమెను ఏకగ్రీవంగా అధ్యక్షురాలిని చేశారు. ఎవరేం తీర్మానం చేసినా అధ్యక్షురాలి కారు గేటు దగ్గర ఒకసారి స్టార్ట్ చేస్తే చాలు. అత్తగారు మల్లవ్వ, ఇన్నేళ్లకు తన కోడలు కోడలి లెక్క అయిందని వీధిలో నలుగురికి చెప్పుకుంది. ట్యాక్సీ యాప్‌లో సుగుణకు ఇదివరకు మూడుంపావు నక్షత్రాలుండేవి. ఆగస్టుకల్లా అవి నాలుగు ముప్పావు అయ్యాయి. ‘డ్రైవర్ చాలా మర్యాదస్తురాలు’ అని రాశారు.

ఒక్క కూతురు అఖిలకే ఇదంతా నచ్చలేదు. ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున కాలేజీ దగ్గర దింపేటప్పుడు తల్లితో గొడవ పడడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. జడ గురించి, ఫోన్ గురించి, సగం తిని వదిలేసిన ఉప్మా గురించి. ఇప్పుడు దేనికీ గొడవ లేదు. ఒకరోజు కాలేజీ గేటు ముందు దిగబోతూ ఆగింది.

“అమ్మా, నేను చదువు బంద్ చేస్త.”

“సరే” అంది కారు.

అఖిల తెర వైపు చూసింది. “నువ్వన్నవా, కారన్నదా?”

“తర్వాత మాట్లాడతాను.”

“నన్ను తిట్టమ్మా ఒకపారి. గట్టిగ తిట్టు.”

“సరే” అంది కారు, ప్రేమగా.

సుగుణ ఇంజిన్ ఆపేసింది. కూతురి చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, ఆ పిల్ల కళ్లు తుడుచుకుని దిగేదాకా ఊపుతూనే ఉంది. తర్వాత చాలాసేపు గేటు ముందే ఉండిపోయింది. రెండు బుకింగులు వచ్చి పోయాయి. ఇంతకాలం తన గొంతు పోయిందని మాత్రమే అనుకుంది. అది తను లేకుండా తన కూతురితో మాట్లాడుతోందని ఆ రోజే అర్థమైంది. మూడు నెలలుగా లేని కోపం ఆమెకు అప్పుడు వచ్చింది.

సెప్టెంబర్ మొదటి వారంలో నలభై ఒక్కమందికీ నోటీసులు అందాయి. వాహనాల్లో ఉన్న గొంతులను ఆయా వాహనాలకు శాశ్వతంగా బదిలీ చేయదలచినట్టు, అందుకు సమ్మతి తీసుకునేందుకు పాత గోదాం ముందున్న ఖాళీ స్థలంలో పదిహేనో తేదీ పదకొండు గంటలకు బహిరంగ విచారణ జరుగుతుందని అందులో ఉంది. బదిలీ తర్వాత వాహనం ఎవరికి అమ్మితే గొంతు వారిదవుతుంది. మాటల అర్థాల విషయంలో గందరగోళం లేకుండా ఒక వివరణ కూడా జతచేశారు. ‘సరే’ అంటే సమ్మతి. ‘దారిలో ఉన్నాను’ అంటే సమ్మతి దారిలో ఉన్నట్టు. ‘తర్వాత మాట్లాడతాను’ అంటే ప్రస్తుతానికి అభ్యంతరం లేనట్టు. తల ఊపడం, చేతులు ఊపడం, హారన్ కొట్టడం పరిగణనలోకి రావు.

సుగుణ ఆ కాగితం తెచ్చి స్టాండులో ఓదేలు చేతిలో పెట్టింది. ఆటోకు తెర లేదు కాబట్టి ఓదేలు గొంతు ఓదేలు దగ్గరే ఉంది. కారులో ముందు సీట్లో కూర్చుని పైనుంచి కింది దాకా చదివాడు.

“గీ తొమ్మిదో ముచ్చట జూసినవా అక్కా? ఒక్కలు, ఒకే ఒక్కలు, తమ సొంత గొంతుతోని ‘వద్దు’ అంటే మొత్తం ఆగిపోతదట. నలపై ఒక్కలది.” నోటీసు మడతపెట్టాడు. “ఎంత మంచి రూలు వెట్టిండ్రు. మీ బండ్లల్ల ఆ మాటనే లేదాయె.”

“సరే” అంది కారు.

“సరే కాదు అక్కా” అన్నాడు ఓదేలు.

అప్పుడు సుగుణ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. గ్యాస్ సిలిండర్‌ది. కారు అలవాటు ప్రకారం ఆమె గొంతుతోనే చదివింది. “మీ ఓటీపీ నాలుగు సున్నా రెండు తొమ్మిది. దీన్ని ఎవరికీ చెప్పవద్దు.”

ఇద్దరూ తెర వైపు చూశారు. వచ్చిన మెసేజ్‌ను మళ్లీ వినడానికి ఒక బటన్ ఉంది. సుగుణ నొక్కింది. ‘ఎవరికీ చెప్పవద్దు.’ ఇంకోసారి నొక్కింది. అది ఆమె గొంతే. బస్సును వెనక్కి నడిపించిన గొంతు. చివరి మాట దగ్గర కొంచెం బరువు కూడా పెట్టింది.

“పంపే మాటలు మూడే గని, వచ్చే మాటలకు లెక్క లేదక్కా” అన్నాడు ఓదేలు నెమ్మదిగా. జేబులోంచి తన పాత బటన్ల ఫోన్ తీశాడు. అది ఏ జాబితాలోనూ లేదు, ఏ కారుకూ కలవదు, ఒకసారి మురికి మోరీలో పడి కూడా పనిచేస్తోంది. దాంట్లో ఒక్క మాట కొట్టి పంపాడు. “ఓదేలు ఆటో నుంచి మెసేజ్. వద్దు” అంది సుగుణ గొంతు.

ఓదేలు నవ్వబోయి ఆగాడు. “కానీ ఇది ‘ఓదేలు వద్దన్నడు’ అని రాసుకుంటరు. నాకేం సంబంధమని అడుగుతరు.”

సుగుణ చెవి కమ్మ తీసింది. కమ్మ పుల్లతో తన ఫోన్ పక్కనున్న చిన్న బొక్కలో గుచ్చింది. అరలోంచి రెండు సిమ్ములూ బయటికొచ్చాయి. అందరిలాగే ఆమెకూ రెండు నంబర్లు. రెండోదాన్ని అఖిల ఎప్పుడో తల్లి ఫోన్‌లో ‘సుగుణ రెండు’ అని సేవ్ చేసి పెట్టింది. మొదటిదాన్ని తన ఫోన్‌లోనే ఉంచి, రెండో సిమ్మును ఓదేలు ఫోన్‌లో వేసింది. బటన్ల ఫోన్‌కు ఆమె వాహనం నడుపుతోందో లేదో తెలియదు. వేలితో నొక్కినవన్నీ బుద్ధిగా అక్షరాలుగా చూపించింది.

పదిహేనో తేదీన గోదాం ముందు నలభై ఒక్క వాహనాలు వరుసగా నిలబడ్డాయి. ఇంజిన్లు ఆన్‌లో ఉండాలి, అద్దాలు దించాలి, ఏసీలు ఆపాలి. శ్రీధరాచారి షామియానా కింద కూర్చున్నాడు. పక్కన గుమస్తా మూడు గడులున్న రిజిస్టర్ తెరిచాడు. చుట్టూ కుటుంబాల వాళ్లు, పల్లీలమ్మేవాళ్లు, కొందరు ఆటో వాళ్లు గుమిగూడారు. రాజలింగం కూడా షాపులో సెలవు పెట్టి వచ్చాడు.

ఒకటో నంబరు నుంచి పిలవడం మొదలుపెట్టారు. మీ గొంతును వాహనానికి శాశ్వతంగా బదిలీ చేయడానికి సమ్మతేనా అని అడగడం, సరే అని వినబడడం, గుమస్తా రాసుకోవడం. పదకొండో నంబరు ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్. ఆయన స్టీరింగ్‌ను గుద్దుతూ ఏదో అంటున్నాడు. కారు “సరే” అంది. ఇరవై ఆరో నంబరు పళ్ల డాక్టరమ్మ రెండు చేతులూ జోడించింది. ఆమె కారు “దారిలో ఉన్నాను” అంది. నలభై మంది నలభై నిమిషాల్లో అయిపోయారు. విచారణ ఇంత ప్రశాంతంగా జరిగిన జిల్లా ఇంకోటి లేదని శ్రీధరాచారి గుమస్తాతో అన్నాడు.

“నలభై ఒకటి, ఎలిగేటి సుగుణ. సమ్మతేనా?”

సుగుణ పెదవులు కదపలేదు. ఒళ్లో బటన్ల ఫోన్ ఉంది. ఒక్క మాట చాలని ఓదేలు పదిసార్లు చెప్పాడు. కానీ మూడు నెలల తర్వాత మొదటిసారి తన సొంత మాట చెప్పే వీలు దొరికినప్పుడు, ఒక్క మాటతో సరిపెట్టుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. నిండు వాక్యం కొట్టింది. ఆ ఫోన్‌లో తెలుగు అక్షరాలు లేవు, ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టింది.

“సుగుణ రెండు నుంచి మెసేజ్” అంది కారు. “నేను ఒప్పుకొను.”

శ్రీధరాచారి తలూపాడు. “ఒప్పుకొనుట. సమ్మతి. రాసుకోండి.”

“సార్, అది ఒప్పుకోను” అన్నాడు ఓదేలు, జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతలి నుంచి.

“దీర్ఘం వినపడలేదు.”

“ఇంగ్లీషు అక్షరాలల్ల దీర్ఘం యాడికెల్లి వస్తది సార్?”

“అది నేను చూడాల్సింది కాదు. దీర్ఘం లేని అభ్యంతరాన్ని అభ్యంతరంగా తీసుకునే వీలు లేదు.”

గుమస్తా కలం రిజిస్టర్ మీద పెట్టాడు. సుగుణ మళ్లీ ఫోన్ తీసుకుంది. ఎనిమిదిని మూడుసార్లు నొక్కింది. రెండును ఒకసారి. మూడును ఒకసారి నొక్కి, ఆగి, మళ్లీ ఒకసారి. ఎనిమిదిని రెండుసార్లు. తొందరలో వేలు పక్క బటన్ మీద పడింది. చెరిపి మళ్లీ కొట్టింది. గుమస్తా అప్పటికే ‘స’ రాశాడు.

“సుగుణ రెండు నుంచి మెసేజ్. వద్దు.”

కిటికీల్లోంచి, నాలుగు స్పీకర్లలోంచి వచ్చిన ఆ మాట గోదాం రేకు గోడకు తగిలి ఇంకోసారి వినబడింది. గుమస్తా కలం ఎత్తాడు.

“ఈ సుగుణ రెండు ఎవరు?” అని అడిగాడు శ్రీధరాచారి.

సుగుణ కారు దిగింది. ఎదురుగా వచ్చి నిలబడి బటన్ల ఫోన్‌ను ఆయన టేబుల్ మీద పెట్టి, తన వైపు వేలు చూపించుకుంది.

“వేలు చూపడం పరిగణనలోకి రాదమ్మా” అన్నాడాయన. అయినా నిబంధనల పుస్తకం తెరిచాడు. ఇరవై నిమిషాలు చదివాడు. మాట నమోదైన వాహనంలోంచే వచ్చింది. గొంతు నమోదైన గొంతే. పేరు సుగుణదే. సుగుణ ఒకటా, రెండా అన్న విషయం గురించి నిబంధనల్లో ఏమీ లేదు. ఆ మాట జాబితాలోనే లేదు కాబట్టి దాన్ని ఎవరైనా అంటే ఏం చేయాలో రాయాలని ఎవరికీ తోచలేదు. ఆయన కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడిచాడు.

“రాసుకోండి. వద్దు. బదిలీ నిలిచిపోయింది.”

మిగతా నలభై కార్లలో నలభై మంది ఒకేసారి ఏదో అన్నారు. నలభై కార్లూ “సరే” అన్నాయి. ఆ ఒక్కసారి మాత్రం వాళ్ల మనసులోనూ అదే ఉంది.

రెండు వారాల తర్వాత సుగుణను సుబేదారి ఆఫీసుకు పిలిచారు. సొంత పేరుతో వచ్చే మెసేజీలను ఇకపై కార్లు చదవకుండా సరిచేశామని శ్రీధరాచారి చెప్పాడు. అయితే ఆమె అన్న ‘వద్దు’ రికార్డులోకి ఎక్కింది కాబట్టి ఆమె జాబితాలో చేర్చక తప్పదు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఒకదానికొకటి పొసగని జవాబులు ఒకే జాబితాలో ఉండరాదు. పాత మూడూ ఉంచుకోవచ్చు, లేదా ఆ ఒక్కటీ తీసుకోవచ్చు.

“బాగా ఆలోచించుకోండి. ‘సరే’ అనే మాట లేకుండా ట్యాక్సీ ఎట్లా నడుపుతారు? అత్తవారింట్లో, స్టాండులో, ఎక్కడైనా ‘సరే’తోనే కదా పని. నేను ముప్పై ఏళ్ల సర్వీసు దాంతోనే నెట్టుకొచ్చాను.” ఫారం ముందుకు జరిపాడు. “ఈ రెండో గడి ఇంతవరకూ ఎవరూ నింపలేదు.”

సుగుణ రెండో గడిలో సంతకం చేసింది.

ఆ సాయంత్రం రాజలింగం కారు దగ్గరికి వచ్చాడు. తమ్ముడు మళ్లీ బండి అడుగుతున్నాడని చెప్పాడు.

“వద్దు” అంది కారు.

“గట్లంటె ఎట్ల? మాటిచ్చిన.”

“వద్దు.”

రాజలింగం ఇంట్లోకి పోయి, టీవీ మీది అద్దాలు తీసుకుని, నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. అన్నం వేళకు ఇంకా చదువుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున అఖిల కాలేజీ గేటు దగ్గర దిగకుండా కూర్చుంది. చదువు బంద్ చేస్తానంది. వద్దు అంది కారు. జుట్టు కత్తిరించుకుంటానంది. వద్దు అంది. అసలేం తినకుండా ఉంటానంది. వద్దు అంది. గంట కొట్టేదాకా ఆ పిల్ల ఏడుస్తూ, నవ్వుతూ గుర్తొచ్చినవన్నీ అడుగుతూనే ఉంది.

ట్యాక్సీ పని మాత్రం శ్రీధరాచారి చెప్పినట్టే అయింది. కాజీపేట వస్తారా అంటే కారు “వద్దు” అనేది. ప్యాసింజర్లు దిగిపోయేవారు. నక్షత్రాలు ఒకటిన్నరకు పడిపోయాయి. కాలనీ వాళ్లు ఇంకో అధ్యక్షురాలిని ఎన్నుకున్నారు. అక్టోబర్ మొత్తం సుగుణ స్టాండులో ఖాళీగా కూర్చుంది. ఆ మాట తీసుకున్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదని నోట్‌బుక్‌లో రాసింది. ఆకలైతే మాత్రం అయిందని కూడా రాసింది.

నవంబర్‌లో బట్టల షాపులో పనిచేసే ఒకామె వచ్చి కారులో కూర్చుంది. షాపు యజమాని రోజూ ఇంకో రెండు గంటలు ఉండమంటున్నాడని, తనతో పాటు షాపు దాకా ఒక్కసారి రావాలని అంది. సుగుణ వెళ్లింది. షాపు ముందు అద్దం దించింది. యజమాని బయటికొచ్చి, వెనక సీట్లో ఉన్న ఆమెను రెండు గంటల గురించి అడిగాడు. కారు జవాబు చెప్పింది. ఆ వారంలో ఇంకో ఇద్దరు వచ్చారు. తర్వాత వారంలో తొమ్మిది మంది. పొలం అమ్మకం కాగితం మీద వేలిముద్ర వేయమని అన్నలు పిలిచిన చెల్లెలు, తన పేరు మీద బండి లోన్ తీయమని స్నేహితుడు అడిగిన లెక్చరర్, మామగారి పార్టీ కండువా వేసుకోవడం ఇష్టం లేని అల్లుడు. బుకింగులు ఓదేలు రాసుకునేవాడు. సంక్షేమ హాస్టల్ పిల్లలు చందాలు వేసుకుని ఒక పూటకు ఆమె బండిని కిరాయికి మాట్లాడుకున్నారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ఆమె కారుకు ఒక నీడపట్టు చోటు ఖాయమైపోయింది. ఊరికి అది అలవాటైంది. ఇంట్లో ఏదైనా మాట మింగుడు పడకపోతే, “సుగుణ బండి దొరుకుతదేమో చూడు” అనడం మొదలుపెట్టారు.

జనవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పే టీచర్ వచ్చింది. పిల్లల మార్కులు పెంచి రాయమని కరస్పాండెంట్ మూడోసారి కబురు పెట్టాడట. ఓదేలు పేరు రాసుకుంటూ మామూలుగా అడిగాడు.

“మేడం, మీ గొంతు మీ దగ్గరనే ఉన్నది గదా?”

“ఉన్నది” అంది టీచర్. “పాఠం చెప్త. పద్యాలు పాడుత. యాభై మందికి వినబడేటట్టు అరుస్త.” చేతిసంచీని ఒళ్లో సర్దుకుంది. “ఆ ఒక్క మాట మాత్రం రాదు.”

ఓదేలు పేరు పక్కన స్కూలు టైము రాసుకున్నాడు. ఇలా చెప్పిన వాళ్లలో ఆమె ఎన్నో మనిషో కూడా అతనికి గుర్తులేదు.

సుగుణ కారును స్కూలు వరండా ముందు ఆపి అద్దం దించింది. కరస్పాండెంట్ మెట్లు దిగి వచ్చి, వంగి వెనక సీట్లోకి చూశాడు. “ఏమ్మా, రాస్తున్నట్టేనా?” అని నవ్వుతూ అడిగాడు. సుగుణ నోరు తెరిచింది. ముందున్న చిన్న అద్దంలో టీచర్ కనబడుతోంది. ఆమె పెదవులు కూడా కదులుతున్నాయి. శబ్దం మాత్రం కారులోంచే వచ్చింది.